"టెక్నికల్ ప్రాబ్లమ్" అని రాస్తే ఏమీ రాయనట్టే

ఈసారి పోస్టు జర పొడుగైంది. ఒక్కసారి చదవలేకపోతే సగం ఇయ్యాల, సగం రేపు లంచ్ టైముల చదవండి.

గ్వెల్ఫ్‌కు వచ్చినప్పటి నుంచి మనోళ్ళ సైట్ రిపోర్టులు చానా చదివిన. స్టూడెంట్‌గా వచ్చి వీకెండ్ పనిచేసే పిల్లలవి, దుబాయ్, ఖతర్ నుంచి ఇటు మళ్ళిన నా అసోంటి వాళ్ళవి, గుంటూరు దిక్కు తమ్ముళ్ళవి, మా జగిత్యాల వాళ్ళవి, అందరివీ. అన్నిట్ల ఒక్క మాట కామన్. "టెక్నికల్ ప్రాబ్లమ్". పంపు ఆగితే టెక్నికల్ ప్రాబ్లమ్. హీటర్ అంటుకోకపోతే టెక్నికల్ ప్రాబ్లమ్. లిఫ్ట్ మీదికి పోయి కిందికి రాకపోతే టెక్నికల్ ప్రాబ్లమ్. జనరేటర్ల డీజిల్ పోయడం మర్చిపోయినా టెక్నికల్ ప్రాబ్లమే.

ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, టెక్నికల్ ప్రాబ్లమ్ అనాల్నా, టెక్నికల్ ఇష్యూ అనాల్నా, టెక్నికల్ డిఫికల్టీస్ అనాల్నా? ఏది కరెక్ట్ ఇంగ్లీష్?" అని. నేను పదో తరగతి చదివినోణ్ణి, నన్ను ఇంగ్లీష్ అడగడమే వింత. కానీ ఈ ఒక్క మాట గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. మూడూ కరెక్టే. ఇంగ్లీష్‌గా కరెక్ట్, రిపోర్టుగా మూడూ పనికిరావు.

ఎందుకో చెప్త. నా వయసు వాళ్ళకు దూరదర్శన్ యాదికుంటది. మంచి సినిమా నడుస్తుంటే మధ్యలో బొమ్మ పోయి "అంతరాయానికి చింతిస్తున్నాము" అని పడేది. ఏమైంది, ఎక్కడైంది, ఎంతసేపట్ల వస్తది, ఏదీ ఉండదు. అది చూసేటోళ్ళకు చెప్పే మాట, మరమ్మతు చేసేటోనికి కాదు. ఇంగ్లీష్‌ల "టెక్నికల్ డిఫికల్టీస్" అంటే అచ్చం గదే. జూమ్ మీటింగ్‌ల గొంతు వినపడకపోతే ఇక్కడి తెల్లోళ్ళు "సారీ, వియ్ ఆర్ హ్యావింగ్ టెక్నికల్ డిఫికల్టీస్" అంటరు. అక్కడ అది మర్యాద. ఎదుటోడు వచ్చి నా మైకు బాగుచేయాలని కాదు, జర ఆగుమని. సైట్ల రిపోర్ట్ చదివేటోడు ఆగితే సరిపోదు. వాడు దాన్ని చదివి ఏదో ఒకటి చేయాలె, లేకపోతే చేయకుండా ఉండాలె.

మన దగ్గర పేపర్ల "సాంకేతిక కారణాల వల్ల" అని చదివీ చదివీ మనకు అదే పెద్ద మాట అయింది. రేషన్ షాపుల మిషన్ వేలిముద్ర తీసుకోకపోతే సాంకేతిక కారణం. బస్సు ఆగితే సాంకేతిక లోపం. విమానం తిరిగొస్తే ఇంగ్లీష్ పేపర్లు "టెక్నికల్ స్నాగ్" అని రాస్తయి. ఈ మాటల ఒక సుఖం ఉంది, ఎవరి పేరూ ఉండదు. సాంకేతికం చేసింది, మనిషి చేయలే అన్నట్టు. మా తెలంగాణోళ్ళకు మేడిగడ్డ చెప్తే అర్థమైతది. 2023 అక్టోబర్ 21న బ్యారేజీ ఏడో బ్లాక్‌ల పిల్లర్లు కుంగినయి. అప్పుడు అందరం "టెక్నికల్ ప్రాబ్లమ్ అంట" అనే అనుకున్నం. కొన్ని రోజులకు జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ వాళ్ళు వచ్చి చూసి ఇచ్చిన రిపోర్టుల ప్లానింగ్, డిజైన్, క్వాలిటీ కంట్రోల్, నిర్వహణ అని విడదీసి రాసిన్రు. ఈ నాలుగూ నాలుగు వేరే టేబుళ్ళు. గీసినోడు వేరు, కట్టినోడు వేరు, చెక్ చేసినోడు వేరు, తర్వాత చూసుకోవాల్సినోడు వేరు. ఒక్క "టెక్నికల్" అనే మాట కిందేస్తే నాలుగు టేబుళ్ళూ ఖాళీ అయితయి. రాజకీయం నేను మాట్లాడత లేను, దయచేసి కింద కొట్లాడుకోకండి.

ఇక అసలు సంగతి. కిచనర్ దిక్కు ఒక సైట్ల పనిచేసే పిల్లగాడు, పేరు వద్దు, కంపెనీ పేరు కూడా వద్దు. పోయిన చలికాలం సంగతి. వాడు సిజర్ లిఫ్ట్ నడిపిండు. జాయ్‌స్టిక్ వదిలినా లిఫ్ట్ వెంటనే ఆగుత లేదు, ఇంకో అడుగు ముందుకు పోతున్నది. మంచి కన్నున్న పిల్లగాడు, గుర్తుపట్టిండు. దిగిండు, పక్కకు పెట్టిండు, సాయంత్రం లాగ్ బుక్కుల రాసిండు కూడా. ఏమని? "సిజర్ లిఫ్ట్ టెక్నికల్ ప్రాబ్లమ్, నాట్ వర్క్ ప్రాపర్లీ." ఇంటికి పోయిండు.

పొద్దున వేరే ట్రేడ్ వాళ్ళు వచ్చిన్రు. వాళ్ళ ఫోర్‌మన్ ఆ లైన్ చదివిండు. చలికాలం, మైనస్ పదిహేనో ఎంతో ఉంది, అసోంటప్పుడు లిఫ్ట్ అంటే అందరి మనసుల మొదట వచ్చేది బ్యాటరీ. రాత్రంతా చార్జింగ్ పెట్టి ఉంది, తాళం తిప్పితే స్టార్ట్ అయింది, మీదికి పోయింది, కిందికి వచ్చింది. "ప్రాబ్లమ్ పోయింది" అనుకున్నరు. అరగంట తర్వాత ఆ లిఫ్ట్ ఆగాల్సిన చోట ఆగకుండా పోయి డ్రైవాల్ షీట్ల దొంతికి గుద్దుకుంది. దొంతి పక్కన ఒకాయన వంగి కొలత తీస్తున్నడు. అడుగు దూరంల బతికిండు.

ఎంక్వైరీల ముందు పిలిచింది మన పిల్లగాణ్ణే. "నీకు ముందే తెలుసా?" అంటే "తెలుసు, రాసిన" అన్నడు. "ఏం రాసినవ్, చూపియ్" అన్నరు. చూపిస్తే దాంట్ల ఏమీ లేదు. ఆగుత లేదని లేదు, వాడొద్దని లేదు, ఎవరికి చెప్పిండో లేదు. చివరికి వార్నింగ్ లెటర్ వాని చేతికే వచ్చింది. అందరికంటే ముందు లోపం పట్టింది వాడే, పేపర్ మీద మాత్రం ఏమీ చెప్పనోడు వాడే అయిండు. నాకు ఆ కంపెనీ మీద కూడా కోపం ఉంది. ఆ లైన్ చదివిన పెద్దమనిషి ఒక్క ఫోన్ చేసి "ఏం ప్రాబ్లమ్ రా బాబూ" అని అడిగి ఉంటే అయిపోవు. అడగలే. కానీ అడిగేటోడు దొరుకుతడని నమ్ముకుని మనం రాయలేం.

ఇది మన ఒక్కరి జబ్బు అనుకోకండి. కెనడాల అందరికీ తెలిసిన కథ ఒకటుంది, గిమ్లీ గ్లైడర్. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఒటావా మీదుగా ఎడ్మంటన్ పోతుంటే 41,000 అడుగుల మీద ఇంధనం అయిపోయింది. కెప్టెన్ బాబ్ పియర్సన్ ఇంజన్లు లేకుండా గాలిల జార్చుకుంటా మానిటోబాల గిమ్లీ అనే ఊర్ల పాత ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద దింపిండు. అందరూ బతికిన్రు. ఈ కథ చెప్పేటోళ్ళు కిలోలు, పౌండ్ల లెక్క తప్పింది అంటరు. నిజమే, కెనడా అప్పుడే మెట్రిక్‌కు మారుతున్నది, లీటర్‌కు 0.8 కిలోతో గుణించాల్సింది పోయి 1.77 పౌండ్లతో గుణించిన్రు, విమానం సగం ఇంధనంతోనే లేచింది. ఏ కట్టడం పనోనికైనా అర్థమయ్యే తప్పే, మనం రోజూ అడుగులు, మిల్లీమీటర్ల మధ్యలో చస్తూనే ఉన్నం గదా.

కానీ ఆ లెక్క చేతితో వేసుకునే గతి ఎందుకొచ్చింది? విమానంల ఇంధనం చూపించే మీటర్లు ఆరిపోయి ఉన్నయి కాబట్టి. అవి ఆరిపోవడం వెనకాల ఒక లాగ్ బుక్ ఎంట్రీ ఉంది. అంతకు ముందు ఎడ్మంటన్‌ల ఒక టెక్నీషియన్ మీటర్లు ఆరిపోవడం చూసి, రెండో చానల్ బ్రేకర్ పీకితే మీటర్లు మళ్ళీ వెలుగుతున్నయని కనిపెట్టిండు. బ్రేకర్ పీకి, దానికి ట్యాగ్ కట్టి, లాగ్‌ల రాసిండు. మీటర్ ఆరిపోయి కనబడ్డది, బ్రేకర్ పీకి ట్యాగ్ కట్టిన అని ఉంది. బ్రేకర్ పీకినంక మీటర్ పనిచేస్తున్నది అనే ముక్క తేటగా లేదు. పీకకముందు ఆరిందా, పీకినంక ఆరిందా చదివినోనికి తెలవది. మాంట్రియల్‌ల ఇంకో టెక్నీషియన్ ఆ బ్రేకర్‌ను మళ్ళీ లోపలికి నొక్కి చూసిండు, మీటర్లు ఆరినయి, ఇంతల వేరే పని మీద పడి మళ్ళీ పీకడం మర్చిపోయిండు. ట్యాగ్ అట్లనే వేలాడుతున్నది. కెప్టెన్ వచ్చి ట్యాగ్ చూసిండు, ఆరిన మీటర్లు చూసిండు, లాగ్ చదివిండు. మూడూ కలిసినట్టే అనిపించినయి. అంటే ఇది ముందు నుంచే ఇట్ల ఉందన్నమాట అనుకున్నడు.

చూడండి, అది ఇంగ్లీష్ రానోడు రాసింది కాదు. పుట్టు ఇంగ్లీష్ దేశంల, చదువుకున్న మెకానిక్ రాసింది. మన పిల్లగాని లైన్ కంటే పది రెట్లు నయం కూడా. కాబట్టి "నాకు ఇంగ్లీష్ రాదన్నా, అందుకే అట్ల రాసిన" అంటే నేను ఒప్పుకోను. ఇది ఇంగ్లీష్ సంగతి సగమే.

ఆ సగం సంగతి కూడా చెప్త, ఎందుకంటే నాకు తెలిసి మనోళ్ళు ఇరుక్కునేది రెండు మూడు చోట్లే.

మన తెలుగుల "పనిచేయలేదు", "పనిచేయట్లేదు", "పనిచేయదు" అని మూడు మాటలున్నయి. మా దిక్కు "పనిచేస్త లేదు" అంటం. ఐదేండ్ల పిల్లగాడు కూడా ఈ మూడూ కలపడు. నిన్న పనిచేయలేదు అంటే నిన్నటి ముచ్చట, ఇయ్యాల సంగతి తెలవదు. పనిచేయట్లేదు అంటే ఇప్పుడు కూడా అంతే. పనిచేయదు అంటే ఇంక దాన్ని ముట్టకు. అదే మనిషి ఇంగ్లీష్‌ల రాసేసరికి మూడింటికీ కలిపి "నాట్ వర్క్" అని పడేస్తడు. ఇక్కడి వాళ్ళకు అది మూడింట్ల ఏదో అర్థం కాదు. "డిడ్ నాట్ వర్క్ దిస్ మార్నింగ్" వేరు, "ఈజ్ నాట్ వర్కింగ్" వేరు. నాకు బాగా నచ్చింది, చానామంది వాడనిది ఇంకోటి ఉంది. "హ్యాజ్ నాట్ బీన్ వర్కింగ్ సిన్స్ ట్యూస్‌డే." మంగళవారం నుంచి ఇప్పటిదాకా పనిచేస్త లేదు అని ఒక్క ముక్కల. మంగళవారం నుంచి తెలిసి ఎవరు ఊరుకున్నరు అని కూడా దాంట్లనే వస్తది, అందుకే కొందరు పెద్దలకు ఆ వాక్యం నచ్చదు.

ఇంకోటి, మనం "పంపుల ప్రాబ్లమ్" అంటం కాబట్టి "ప్రాబ్లమ్ ఇన్ పంప్" అని రాస్తం. వీళ్ళు "ప్రాబ్లమ్ విత్ ద పంప్" అంటరు. "ఇన్" అని రాస్తే కొందరు పంపు లోపల ఏదో ఇరికింది అనుకుంటరు. అట్లనే "ఫేసింగ్ ప్రాబ్లమ్" మన దేశపు ఇంగ్లీష్, ఇక్కడ "హ్యావింగ్ ఎ ప్రాబ్లమ్" అంటరు. "డ్యూ టు" అనే మాట తర్వాత పేరు లాంటి పదం రావాలె, "డ్యూ టు రెయిన్" అన్నట్టు. మనోళ్ళు "డ్యూ టు పంప్ నాట్ వర్క్డ్" అని రాస్తరు. "బికాజ్ ద పంప్ డిడ్ నాట్ వర్క్" అంటే అయిపోయె. "బికాజ్" చిన్న మాట, చిన్నతనం కాదు. "డ్యూ టు" రాస్తే పెద్ద చదువు కనబడతదని ఎవరు చెప్పిన్రో గానీ.

"స్నాగ్" సంగతి కూడా. దుబాయ్ల మనం బిల్డింగ్ అప్పగించే ముందు చిన్న చిన్న లోపాల లిస్ట్‌ను స్నాగ్ లిస్ట్ అనేటోళ్ళం, అది బ్రిటిష్ వాళ్ళ మాట. ఇక్కడ దాన్ని డెఫిషియెన్సీ లిస్ట్ అంటరు. కొత్తగా వచ్చినోళ్ళు మిషన్ ఆగిపోయినా "డెఫిషియెన్సీ" అని రాస్తున్నరు. వద్దు. గోడ మీద పెయింట్ గీత డెఫిషియెన్సీ. మిషన్‌కు వాడే మాట "డిఫెక్ట్". అంటారియో సేఫ్టీ చట్టంల కూడా అదే మాట ఉంది. పరికరంల డిఫెక్ట్ ఉండి, అది నీకు గానీ పక్కోనికి గానీ అపాయం తెస్తదని నీకు తెలిస్తే, సూపర్‌వైజర్‌కో యజమానికో చెప్పడం వర్కర్ బాధ్యత అని రాసి ఉంది. ఇది హక్కు ఒక్కటే కాదు, డ్యూటీ. లోపమున్న మిషన్ వాడొద్దని కన్‌స్ట్రక్షన్ రూల్స్, అంటే 213/91 రెగ్యులేషన్‌ల ఉంది. ఈ చట్టం కింద ఒక మనిషి మీద వేసే జరిమానా గరిష్ఠం 2022ల 5 లక్షల డాలర్లకు పెంచిన్రు. కంపెనీ మీద కాదు, మనిషి మీద. సూపర్‌వైజర్ అయినా మనిషే, వర్కర్ అయినా మనిషే.

అపాయం అనిపిస్తే పని చేయను అనే హక్కు కూడా అదే చట్టం 43వ సెక్షన్ల ఉంది. చెప్పినోని ముందటనే సూపర్‌వైజర్ పరీక్ష చేయాలె, తేలకపోతే మినిస్ట్రీ ఇన్‌స్పెక్టర్ దాకా పోతది. అట్ల అన్నందుకు పగబట్టి పనిలోంచి తీయకూడదు. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్న పిల్లలు దీనికి భయపడతరు, నాకు తెలుసు. భయం ఉన్నోడే "టెక్నికల్ ప్రాబ్లమ్" అని మెత్తగా రాస్తడు. ఎవరికీ తగలకుండా, ఎవరి మీదా చెప్పినట్టు కాకుండా. ఆ మాట ఎన్నుకునేది ఇంగ్లీష్ రాకనే కాదు, చానాసార్లు భయంతోనే. కానీ "జాయ్‌స్టిక్ వదిలినా లిఫ్ట్ ఆగుత లేదు" అన్నదాంట్ల ఎవరి మీద చాడీ ఉంది చెప్పండి? అది మిషన్ మీద చాడీ. మిషన్‌కు కోపం రాదు.

ఆ లైన్ ఎట్ల రాసి ఉంటే బాగుండో ఆ పిల్లగానికి కూర్చోబెట్టి చెప్పిన. ఐదు చిన్న ముక్కలు.

"సిజర్ లిఫ్ట్ నంబర్ త్రీ. వెన్ ఐ లెట్ గో ఆఫ్ ద జాయ్‌స్టిక్, ఇట్ కీప్స్ మూవింగ్ అబౌట్ వన్ ఫుట్. ఐ టర్న్‌డ్ ఇట్ ఆఫ్ ఎట్ త్రీ థర్టీ అండ్ టుక్ ద కీ. ఐ పుట్ ఎ రెడ్ ట్యాగ్ ఆన్ ఇట్ అండ్ టోల్డ్ ద ఫోర్‌మన్. డు నాట్ యూజ్."

దీంట్ల ఆరో తరగతి దాటిన మాట ఒక్కటి లేదు. "టెక్నికల్" లేదు, "ప్రాబ్లమ్" లేదు. ఏ లిఫ్ట్, ఏం చేస్తే ఏమైతున్నది, నేనేం చేసిన, ఎవరికి చెప్పిన, నువ్వేం చేయొద్దు, అంతే. "కీప్స్ మూవింగ్" అని చదివినోడు ఎవడూ బ్యాటరీ అనుకోడు. రెంటల్ కంపెనీ మెకానిక్‌కు ఇదే ఫోన్ల చదివితే వాడు బ్రేక్ సామాను పట్టుకుని వస్తడు. "టెక్నికల్ ప్రాబ్లమ్" అంటే ఉత్త చేతులతో వస్తడు, చూసి పోతడు, మళ్ళీ రేపు వస్తడు. ఒక రోజు లిఫ్ట్ ఆగితే ఎంతమంది చేతులు కట్టుకుని నిలబడతరో మీకు నేను చెప్పక్కర లేదు.

ఈ మధ్య పిల్లలు ఇంకో తెలివి చేస్తున్నరు. వచ్చీరాని ఇంగ్లీష్‌ల రాసి చాట్‌జీపీటీకి ఇస్తరు, అది ఇస్త్రీ చేసి ఇస్తది. "వియ్ ఆర్ కరెంట్లీ ఎక్స్‌పీరియన్సింగ్ టెక్నికల్ డిఫికల్టీస్ విత్ ద ఎక్విప్‌మెంట్." ఎంత అందంగ ఉంది! వ్యాకరణంల వేలు పెట్టే సందు లేదు. పిల్లగాని "నాట్ వర్క్ ప్రాపర్లీ"ల ఎంత సమాచారం ఉందో దీంట్ల అంతే ఉంది, అంటే సున్నా. నువ్వు దానికి ఆగుత లేదని చెప్పకపోతే అది ఎక్కడ్నుంచి తెస్తది? వాడండి, నేనూ వాడుత. కానీ ముందు తెలుగుల, ఫోన్ల ఇంటికి చెప్పినట్టు, ఏమైందో చెప్పండి. "అరె, చెయ్యి తీసినా ఆగుత లేదు, అడుగు దూరం పోతాంది" అని. దాన్ని ఇంగ్లీష్ చేయుమనండి. అప్పుడు సరిగ్గ వస్తది.

ఫోటో తీసి వాట్సాప్ పెడితే సాలదా అని కూడా అడుగుతరు. ఫోటో మంచిదే, పగిలిన గొట్టానికి, వంగిన రైలింగ్‌కు. ఆగకుండా పోయే లిఫ్ట్ ఫోటోల ఆగే ఉంటది.

సూపర్‌వైజర్లుగా ఉన్న మన అన్నలకు కూడా ఒక మాట. మీ కింద పిల్లగాడు "టెక్నికల్ ప్రాబ్లమ్" అని రాస్తే సంతకం పెట్టకండి. తిట్టకండి కూడా, తిడితే రేపు అది కూడా రాయడు. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌ల రెండు నిమిషాలు తీసి, నిన్నటి లాగ్ ఒకటి చదివించి, "ఇది చదివి ఆ మిషన్ ఎక్కుతవా?" అని అడగండి. మా సైట్ల మొదలుపెట్టి కొన్ని నెలలైంది. పంజాబీ తమ్ముళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఇక్కడ పుట్టిన ముసలాయన ఒకాయన, అందరూ పాల్గొంటున్నరు. ముసలాయనే అందరికంటే పొట్టిగ రాస్తడు. మొన్న హీటర్ మీద ట్యాగ్‌కు "స్మెల్స్ లైక్ గ్యాస్. వాల్వ్ షట్." అని రాసి పోయిండు. నాలుగైదు మాటలే, కానీ ఒక్కడు దగ్గరికి పోలే.

మీ సైట్లల ట్యాగుల మీద, లాగుల్ల ఏం రాసి ఉందో కంపెనీ పేరు, మనిషి పేరు లేకుండా కింద పెట్టండి. తెలుగుల అసలు సంగతి కూడా పక్కన రాయండి. ఆదివారం కూర్చుని ఒక్కొక్కటి ఎట్ల రాయాల్నో చూద్దాం. రేపు పొద్దున ఆరింటికి క్లెయిర్ రోడ్ దిక్కు కాంక్రీట్ పోత ఉంది, పండుకుంట.